టైట్‌లైన్ నింఫింగ్‌కు లీడర్ కట్టుకోవడం: కొక్కెం దగ్గర మొదలుపెట్టి పైకి

టైట్‌లైన్ నింఫింగ్ అంటే నింఫ్‌ను, అంటే నీటి పురుగు పిల్లలా కట్టిన కొక్కేన్ని, వదులు లేని దారంతో నది అడుగున నడిపించడం. లీడర్ అంటే మందపాటి ఫ్లై లైన్‌కూ కొక్కేనికీ మధ్య కట్టే దారం. మీరు అడిగినది క్లుప్తంగా ఇది: తొమ్మిది అడుగుల ఐదో నంబరు ఫ్లై రాడ్ ఉంది, ఏప్రిల్ చివర మళ్లీ హిమాచల్‌లోని తీర్థన్ నదికి ట్రౌట్ చేపల కోసం వెళ్తున్నారు, కిందటిసారి కొన్న తొమ్మిది అడుగుల టేపర్డ్ లీడర్‌కే (మందంగా మొదలై చివరికి సన్నబడేది) బరువైన నింఫ్ కట్టి వేస్తే అది అడుగుకు చేరలేదు, చేప అందుకున్నదో లేదో కూడా తెలియలేదు. ఆ లీడర్‌నే కోసి సరిచేసుకోవచ్చా, లేక హైదరాబాదులో దొరికే నైలాన్ దారంతో కొత్తది కట్టుకోవాలా, కడితే కొలతలు ఏమిటి అన్నది ప్రశ్న. కోసి సరిచేయడం వల్ల ప్రయోజనం లేదు, కొత్తది కట్టుకోండి. కొలతలు కిందనే ఇస్తాను గానీ, అవి ఎందుకు అలా ఉన్నాయో ముందు చెప్పకపోతే నదిలో నిలబడి వాటిని మార్చుకోవలసి వచ్చినప్పుడు ఏది మార్చాలో మీకు తోచదు. నేను కూడా మొదటి రెండు ప్రయాణాలు ఎవరో రాసిన కొలతలను అక్షరాలా కట్టుకుని వెళ్లి, అవి పనిచేయనప్పుడు ఏం చేయాలో తెలియక ఒడ్డున కూర్చున్నవాణ్ణే.

మన చెరువుల్లో గాలం వేసి పెరిగినవారికి ఇక్కడ ఒక అలవాటు అడ్డు వస్తుంది. కొరమీను ఎరను అందుకుంటే చేతికి తెలుస్తుంది, దారం గుంజుకుపోతుంది. బెండు కట్టి శీలావతికి వేసినా బెండు మునిగేదాకా ఆగే సమయం ఉంటుంది. పారే నీటిలో ట్రౌట్ అలా చేయదు. అది ఒక రాయి వెనుక నిలబడి, కొట్టుకువచ్చే పురుగును నోట్లోకి తీసుకుని, అది పురుగు కాదని తెలిసిన మరుక్షణమే ఉమ్మేస్తుంది. ఈ మధ్యలో దారం గుంజుకుపోవడమనేది చాలాసార్లు జరగనే జరగదు. కాబట్టి నింఫ్‌కూ రాడ్ కొనకూ మధ్య దారం వదులు లేకుండా ఉండాలి, అదే సమయంలో ఆ దారం నింఫ్‌ను తనవైపు లాగకూడదు. ఈ రెండు షరతులూ ఒకదానికొకటి ఎదురు. టైట్‌లైన్ లీడర్ కట్టడంలో ఉన్న కష్టమంతా ఈ రెండింటినీ ఒకే దారంతో సాధించడమే.

సంక్రాంతికి మేడ ఎక్కి గాలిపటం ఎగరేసినవారికి ఝోల్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. దారం తన బరువుకు తానే మధ్యలో వేలాడి పొట్ట వేస్తే, కింద చెయ్యి ఎంత లాగినా పైన పటానికి ఆ సంగతి ఆలస్యంగా అందుతుంది. లీడర్‌లోనూ శత్రువు అదే. దాన్ని లెక్కగా చూద్దాం. నైలాన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.14 గ్రాములు. ఆ లెక్కన 0.45 మిల్లీమీటర్ల దారం మీటరుకు 0.18 గ్రాములు తూగుతుంది, 0.20 మిల్లీమీటర్ల దారం 0.036 గ్రాములు మాత్రమే. మందం రెండింతలకు కొంచెం పైన, బరువు మాత్రం ఐదింతలు, ఎందుకంటే బరువు మందపు వర్గంతో పెరుగుతుంది. ఐదు మీటర్ల దూరంలో రెండు కొనలూ ఒకే ఎత్తులో పట్టుకుని, మధ్యలో 25 సెంటీమీటర్లకు మించి వేలాడకుండా ఉంచాలంటే 0.45 దారాన్ని దాదాపు 2.3 గ్రాముల బలంతో లాగి పట్టాలి, 0.20 దారానికి 0.45 గ్రాములు చాలు. మూడు మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ పూస ఉన్న పద్నాలుగో నంబరు కొక్కెపు నింఫ్ మొత్తం బరువు పావు గ్రాము దరిదాపుల్లో ఉంటుంది. అంటే మందపు దారం తన నడుము నిలుపుకోవడానికే నింఫ్ బరువుకు తొమ్మిదింతలు లాగుతుంది. ఆ నింఫ్ అడుగున నిలవడం ఎలా సాధ్యం? అది అడుగు వదిలి, మీ కాళ్లవైపు, నీటి మధ్యలోకి తేలివస్తుంది. మీకు కిందటిసారి జరిగింది ఇదే.

ఫ్లై లైన్ సంగతి ఇంకా అన్యాయం. ఐదో నంబరు లైను మొదటి ముప్పై అడుగుల ప్రామాణిక బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు తొమ్మిది గ్రాములు. మీటరుకు ఒక గ్రాము అనుకోండి. రాడ్ కొన బయట ఒక మీటరు ఫ్లై లైన్ వేలాడినా నాలుగు నింఫ్‌ల బరువు మీకు ఎదురుగా పనిచేస్తున్నట్టే. అందుకే ఈ పద్ధతిలో లీడర్ రాడ్ కంటే చాలా పొడవుగా ఉంటుంది. మీరు చేపల వేటలో ఉన్నంతసేపూ ఫ్లై లైన్ రాడ్ కొన దాటి బయటికి రాకూడదు.

టేపర్డ్ లీడర్ ఎందుకు పనికిరాదో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. అది వేరే పనికి పుట్టినది. నీటిపై తేలే, బరువు లేని డ్రై ఫ్లైని విసరాలంటే ఫ్లై లైన్ బరువే దాన్ని మోసుకుపోవాలి, ఆ ఊపు మెల్లమెల్లగా సన్నబడుతూ ఫ్లై దాకా చేరాలి. అందుకని దాని మొదలు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. మనం విసిరేది లైనును కాదు, నింఫ్ బరువునే. దాన్ని తోయడానికి మందపు మొదలు అవసరం లేదు, ఆ మందం గాలిలో వేలాడడానికి తప్ప దేనికీ ఉపయోగపడదు. సన్నని చివరను కోసేస్తే మిగిలేది మందపు భాగమే గనుక, కోయడమంటే మనకు అక్కరలేనిదాన్ని దాచుకోవడమే అవుతుంది.

అందువల్ల లీడర్‌ను ఫ్లై లైన్ దగ్గర మొదలుపెట్టి కిందికి కాకుండా, కొక్కెం దగ్గర మొదలుపెట్టి పైకి ఆలోచించమంటాను. తీర్థన్‌లో బండరాళ్ల మధ్య మడుగులు చాలావరకు మోకాలి లోతు నుంచి నడుము లోతు; నీరు వేగం. అక్కడికి 2.8 నుంచి 3.3 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ పూస ఉన్న నింఫ్‌లు చాలు. ఇత్తడి పూసలవి వద్దు. టంగ్‌స్టన్ సాంద్రత ఇత్తడికి రెండింతలకు పైనే గనుక అదే పరిమాణంలో చాలా త్వరగా మునుగుతుంది.

దానిపైన టిప్పెట్, అంటే నింఫ్‌కు నేరుగా కట్టే చివరి సన్న దారం. ఇది మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో ఉండాలి. నదిలో పైనీటి వేగం ఎక్కువ, రాళ్ల రాపిడి వల్ల అడుగు నీటి వేగం తక్కువ. నింఫ్ అడుగు నీటి వేగంతో కదలాలంటే పైనీరు దాన్ని ముందుకు లాక్కుపోకూడదు, అంటే పైనీటిని చీల్చుకుని దిగే దారం వీలైనంత సన్నగా ఉండాలి. నీటి మట్టం దగ్గర మందపు దారం, అడుగున సన్న దారం ఉంటే పైనీటికి పట్టు చిక్కేది మందపు దారం దగ్గరే. అందుకే టిప్పెట్‌లో మెట్లు కట్టవద్దు, దాని పైన కట్టే సైటర్ అనే రంగు దారాన్ని నీళ్లలో ముంచవద్దు. పొడవు నీటి లోతుకు సుమారు ఒకటిన్నర రెట్లు పెట్టుకోండి. మీరు వెళ్లే చోటికి 1.3 నుంచి 1.5 మీటర్లు సరిపోతుంది. మందం విషయంలో 5ఎక్స్ వాడండి. 6ఎక్స్ ఇంకా త్వరగా దిగుతుంది, కానీ ఈ పద్ధతి కోసం చేసిన మూడో నంబరు రాడ్‌ల కొన మెత్తగా ఉండి చేప కుదుపును మింగుతుంది. మీ ఐదో నంబరు రాడ్ కొన బిరుసు, అది మింగదు, దారం తెగుతుంది. టిప్పెట్ ఒక్కటే ఫ్లోరోకార్బన్ కొనండి. దాని సాంద్రత 1.78 గనుక నీటిలో దిగుతుంది, రాళ్ల రాపిడిని కూడా తట్టుకుంటుంది. పై భాగాలకు మాత్రం అది వద్దు. గాలిలో ఉండే దారానికి బరువెక్కువ కావడం లోపమే.

ఎక్స్ అంకెలు చూసి తికమకపడవద్దు. పదకొండులోంచి ఆ అంకెను తీసివేస్తే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన మందం వస్తుంది. 5ఎక్స్ అంటే ఆరు వెయ్యో వంతులు, 0.15 మిల్లీమీటర్లు, 4ఎక్స్ 0.18; 6ఎక్స్ 0.13. అయితే డబ్బా మీద రాసిన మందాన్ని నమ్మడం వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

టిప్పెట్‌కు పైన రెండు మిల్లీమీటర్ల చిన్న ఉక్కు రింగు, దానికి పైన సైటర్. సైటర్ అంటే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే రంగురంగుల నైలాన్ ముక్క. మన గాలపు బెండు చేసే పనిని ఇది నీటికి పైన, గాలిలో చేస్తుంది. నేను 0.25 మిల్లీమీటర్ల రెండు రంగుల దారం 50 సెంటీమీటర్లు పెడతాను. లోయలో చెట్ల నీడ పడిన మడుగుల మీద పసుపు రంగు బాగా కనిపిస్తుంది. తెల్లని నురుగు మీద మెరిసే ఎండలో పసుపు మాయమై ఎరుపో నారింజో మాత్రమే నిలుస్తుంది. అందుకే రెండు రంగులూ ఉండాలి. సైటర్ కింది కొన నీటికి జానెడు పైన ఉండేలా రాడ్ పట్టుకోండి. అది నింఫ్‌వైపు వాలుగా, వంపు లేకుండా తిన్నగా ఉన్నంతసేపు అంతా సవ్యంగా ఉన్నట్టు. అది ఒక క్షణం ఆగినా, సాగినా, ఉన్నట్టుండి వదులైనా కూడా మణికట్టుతో చిన్నగా ఎత్తండి. వదులు కావడాన్ని చాలామంది లెక్కచేయరు; నింఫ్‌ను అందుకున్న చేప మీవైపు కదిలినప్పుడు జరిగేది అదే.

ఇక లీడర్ మొదలు భాగం. ఇక్కడే మనుషులు విడిపోతారు. పోటీల్లో ఆడేవారిలో చాలామంది 0.20, కొందరు అంతకంటే సన్నని దారాన్ని ఫ్లై లైన్ దాకా ఒకే మందంలో పెడతారు. లెక్క ప్రకారం వారిదే సరైన పని. కానీ అంత సన్నని దారాన్ని విసరడానికి రాడ్ మెత్తగా ఉండాలి, చేతికి అలవాటు ఉండాలి. గాలి ఎదురైతే అలవాటున్నవారికే అది కష్టం. పైగా సన్న దారం తడి వేళ్ల మధ్య జారుతుంది, పట్టు చిక్కదు. బిరుసు రాడ్‌తో, రెండో ప్రయాణంలో ఉన్న మీకు నేను రాజీ కొలత ఒకటి చెబుతాను. ఫ్లై లైన్‌కు 0.38 మిల్లీమీటర్ల నైలాన్ నాలుగు మీటర్లు, దానికి 0.30 మిల్లీమీటర్లది ఒక మీటరు. దానికి పైన చెప్పిన 0.25 సైటర్ అర మీటరు, రింగు, 5ఎక్స్ టిప్పెట్ మీటరున్నర. మొత్తం ఏడు మీటర్లు. దీనిలో 0.38 భాగం ఎక్కువసేపు రాడ్ గైడ్‌లలోనే, అంటే దారం దూరే రింగుల్లోనే, ఉంటుంది, బయట వేలాడేది దాని చివరి మీటరో రెండు మీటర్లో. మీరు దగ్గరగా వేటాడినంతకాలం దాని బరువు మిమ్మల్ని అంతగా బాధించదు, విసిరేటప్పుడు మాత్రం ఆ కాస్త బిరుసు సహాయపడుతుంది.

ఇది చేతికి వచ్చాక రెండోది కట్టండి: 0.25 నైలాన్ ఆరు మీటర్లు ఒకే మందంలో, 0.20 సైటర్ అరవై సెంటీమీటర్లు, రింగు, టిప్పెట్. రెండింటినీ వేర్వేరు చక్రాలకు చుట్టి సంచిలో పెట్టుకుంటే తేడా ఒక్క పూటలో తెలుస్తుంది. పోటీల కోసం అయితే ఈ పొడవులు చెల్లవు. అంతర్జాతీయ ఫ్లై ఫిషింగ్ సమాఖ్య అయిన ఫిప్స్ మూష్ నియమాల ప్రకారం లీడర్ రాడ్‌కు రెండింతలకు మించకూడదు, అంటే మీ రాడ్‌కు దాదాపు ఐదున్నర మీటర్లే. తీర్థన్ ఒడ్డున మిమ్మల్ని టేపు పెట్టి కొలిచేవారు ఎవరూ ఉండరు.

ముడుల విషయంలో ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: చేపను దగ్గరికి తెచ్చేటప్పుడు సైటర్‌కు పైనున్న ముడులన్నీ గైడ్‌ల గుండా లోపలికి రావాలి, చేప మళ్లీ పరుగెత్తితే అంతే సులువుగా బయటికి పోవాలి. కాబట్టి 0.38కూ 0.30కీ మధ్య, 0.30కీ సైటర్‌కూ మధ్య బ్లడ్ ముడి వేయండి. అది సన్నగా, తిన్నగా ఉంటుంది. ఫ్లై లైన్‌తో కలిపేచోట లూపులో లూపు తగిలించడం సులువే గానీ, ఆ గడ్డ ప్రతిసారీ కొన గైడ్ దగ్గర టక్కున ఆగుతుంది, అర కిలో చేప పోవడానికి ఆ ఒక్క టక్కు చాలు. నెయిల్ ముడి వేసి, పైన బంక పలుచగా రాయండి. రింగుకూ కొక్కేనికీ మామూలు క్లించ్ ముడి చాలు. ఏ ముడినైనా బిగించేముందు ఉమ్మితో తడపండి; పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది, పైకి మాత్రం ముడి ముచ్చటగా కనిపిస్తుంది.

మన ఊళ్లో కొనడం గురించి. సైటర్, టిప్పెట్, రింగులు ఇక్కడి మామూలు గాలాల దుకాణాల్లో దొరకడం కష్టం, తెప్పించుకోవలసిందే. మొదలు భాగానికి మాత్రం ఇక్కడి నైలాన్ నిక్షేపంగా పనికివస్తుంది, ఒక షరతు మీద: కొలిచి కొనండి. ఒకసారి నేను 0.25 అని ముద్ర వేసిన చుట్ట కొని, ఆ లీడర్ ఎందుకింత వేలాడుతోందో అర్థంకాక చివరికి కొలిస్తే 0.31 వచ్చింది. చూడడానికి ఆరు వందోవంతులే, బరువులో మాత్రం సగానికి సగం ఎక్కువ. ఇంటర్‌లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో తీగ మందం కొలిచిన స్క్రూ గేజ్ మీకు గుర్తుండే ఉంటుంది. సరిగ్గా అదే కావాలి. రాణిగంజ్‌లో పనిముట్ల దుకాణాల్లో మైక్రోమీటర్ అని అడిగితే ఇస్తారు. నింఫ్‌ల బరువు తెలుసుకోవడానికి బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కూడా ఉంటే మంచిదే, కానీ అది సరదా, అవసరం కాదు.

మరొక మాట, ఇది పూర్తిగా హైదరాబాదు మాట. నైలాన్ చుట్టలను కారులో వదిలిపెట్టవద్దు. ఏప్రిల్, మే నెలల్లో బయట నలభై డిగ్రీలు దాటినప్పుడు అద్దాలు మూసిన కారులో ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. ఎండా వేడీ రెండూ నైలాన్‌ను పెళుసు చేస్తాయి. ఒక వేసవిలో నా సంచి మూడు వారాలు డిక్కీలోనే ఉండిపోయింది, అక్కడి నుంచి నేరుగా ప్రయాణం కట్టాను, మొదటి రోజు తగిలిన నాలుగు చేపల్లో మూడు ముడి దగ్గరే తెంచుకుపోయాయి. నది మీద కోపం తెచ్చుకున్నాను. తప్పు డిక్కీది. బీరువాలో, చీకట్లో పెట్టండి, బయలుదేరేముందు ప్రతి చుట్ట నుంచీ ఒక మూర లాగి చేతికి చుట్టుకుని తెంపి చూడండి.

సాధనకు నది అక్కరలేదు. సాయంకాలం మేడ మీద ఆరు మీటర్ల దూరంలో నీళ్ల మగ్గు ఒకటి పెట్టి, వంపు దగ్గర కొక్కెం కత్తిరించేసిన నింఫ్‌ను దానిలో పడేలా విసరండి. రాడ్‌ను ముందుకు తెచ్చి ఎత్తులోనే ఆపితే నింఫ్ ముందుగా, తలకిందులుగా దిగుతుంది, దారం దాని వెనుక వస్తుంది. నీళ్లలో కావలసింది ఆ వరుసే. దారం ముందు పడి నింఫ్ తర్వాత పడితే అప్పటికే ఝోల్ వచ్చినట్టు. అదే మేడ మీద నింఫ్‌ను పిట్టగోడ కడ్డీకి తగిలించి, రాడ్‌తో వెనక్కి నడుస్తూ దారం వేలాడడం చూడండి. టేపర్డ్ లీడర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి. పై పేరాల్లో నేను రాసిన అంకెలన్నీ మీ మణికట్టుకే అర్థమవుతాయి. మా ఇంట్లో ఈ ప్రయోగం చూసి, ఆరేసిన బట్టల మధ్య ఈ తీగలేమిటని అడిగారు. మీరు ముందే చెప్పి మొదలుపెట్టండి.

రెండు నింఫ్‌లు కట్టడం గురించి మీరు చివరలో అడిగారు. మొదటి రెండు రోజులు వద్దు. తర్వాత కట్టాలనిపిస్తే, బరువైనది చివరన, తేలికైనది దానికి అర మీటరు పైన; టిప్పెట్‌ను అక్కడ కోసి మూడు చుట్ల సర్జన్ ముడితో కలిపి, కొక్కెం వైపుకు చూసే తోకను పన్నెండు సెంటీమీటర్లు వదిలి దానికి కట్టండి. తోక ఇంకా పొడవైతే దారానికి చుట్టుకుంటుంది.

హిమాచల్ మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవడం మరవవద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట అక్కడ మూసివేసి ఉంటుంది, ఏప్రిల్‌కు ఆ ఇబ్బంది లేదు. ఇబ్బంది వేరే ఉంది: ఆ రోజుల్లో ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు కరిగి మధ్యాహ్నానికి నీరు పెరుగుతుంది, రంగు మారుతుంది. పొద్దున పనిచేసిన లీడర్ మధ్యాహ్నం పనిచేయలేదంటే లీడర్‌ను విప్పి కట్టడం మొదలుపెట్టకండి. ముందు రెండు అడుగులు చేపకు దగ్గరగా జరగండి. దారం నిటారయ్యేకొద్దీ వేలాడడం తగ్గుతుంది, పెరిగి రంగు మారిన నీటిలో చేపకు మీరు కనిపించే భయమూ తక్కువ. అప్పటికీ నింఫ్ అడుగుకు తగలకపోతే టిప్పెట్‌ను జానెడు పెంచండి. అదీ చాలకపోతేనే పూస మార్చండి, 2.8 తీసి 3.3. నాలుగైదు సార్లు విసిరితే ఒకసారి రాయికి తగిలి సైటర్ తడబడాలి. ప్రతిసారీ తగిలి చిక్కుకుంటుంటే బరువు ఎక్కువైంది, వెనక్కి మార్చుకోండి.